పేరొకటి, తీరొకటి

నేతిబీరకాయలో నేతిబొట్టు వెదకినవారెవరూ లేరు. పులిహోరలో పులి ఉన్నదని భయపడి విస్తరి ముందు నుంచి లేచిపోయినవారూ లేరు. అయినా పేరును బట్టి వస్తువును, వంశాన్ని బట్టి మనిషిని నిర్ణయించే అలవాటు మాత్రం మనలను వదలలేదు. ఈ అలవాటును గూర్చి ఒక చిన్న జంతువు మా ఇంటిల్లిపాదికీ నేర్పిన పాఠాన్ని విద్యార్థి మిత్రులతో పంచుకోవలెననే ఈ వ్యాసం వ్రాస్తున్నాను. ఆ జంతువు పేరు గినీ పంది. అది గినీ దేశానిది కాదు. పంది అంతకన్నా కాదు.

మూడేండ్ల క్రిందట మా బావమరిది హైదరాబాదు నుంచి కర్నూలు వస్తూ, చార్మినారు చెంతనున్న ముర్గీ చౌక్‌లో కొన్న రెండు గినీ పందులను అట్టపెట్టెలో పెట్టుకొని వచ్చి, తొమ్మిదేండ్ల మా అమ్మాయి ఒడిలో ఉంచినాడు. ఒకటి ఆడది, ఒకటి మగది. ఆడదాని ఒళ్ళు తెల్లగా, నునుపుగా ఉండి, వీపున తేనెరంగు మచ్చ ఒకటి ఉన్నది. మగదాని నల్లని వెండ్రుకలు ఒళ్ళంతా సుడులు తిరిగి, నిద్ర లేచిన పిల్లవాని తలవలె చిందరవందరగా ఉన్నవి. రెండింటికీ తోక లేదు. ముందు కాళ్ళకు నాలుగేసి వ్రేళ్ళు, వెనుక కాళ్ళకు మూడేసి.

“ఏమిట్రా ఇవి?” అని మా అమ్మ అడిగింది. మా ఇంట మాట్లాడే భాష దక్కనీ ఉర్దూ కనుక ఆ మాటలను ఇక్కడ తెలుగు చేసి వ్రాస్తున్నాను.

“గినీ పిగ్స్ అమ్మీ” అన్నాడు బావమరిది.

“అంటే?”

“పిగ్ అంటే పంది, దాదీ!” అని మా అమ్మాయి, తన ఇంగ్లీషు చదువుకు ఇంట్లో పని దొరికినందుకు సంతోషిస్తూ, చెప్పివేసింది.

అమ్మ మంచం మీదకు కాళ్ళు తీసుకొన్నది. “నేను నమాజు చదివే ఇల్లు ఇది. ఆ పేరు గలది ఈ గడప దాటి లోపలికి రాగూడదు. సాయంత్రం బస్సుకే వాపసు పంపండి” అన్నది.

పేరు తప్ప పందితో దీనికి ఏ సంబంధమూ లేదని నేను చెప్పినాను. ఉడుతలు, ఎలుకలు చేరిన కృంతకాల వర్గంలోనిదే ఇదీ అన్నాను. తెలుగువారు ముళ్ళపందికి పంది పేరు తగిలించినారు గాని అది కూడా ఈ వర్గానిదేనని దృష్టాంతం చూపినాను. ఇది మాంసం ముట్టదు, గడ్డి, ఆకు తిని బ్రతుకుతుందని ముగించినాను. అమ్మ అంతా విని, “ఎలుక అయితే మరీ గొప్పదా? ఇంట్లో ఉన్న ఎలుకలకు మందు పెడుతూ, కొత్తవి డబ్బిచ్చి కొని తెస్తారా?” అన్నది. దీనికి నా వద్ద జవాబు లేకపోయినది. చివరకు ఆమెయే ఒక దారి చూపింది. మా పెద్దల నోట ఇటువంటి జంతువులకు “విలాయతీ చూహా” అన్న మాట ఉన్నది. తెలుగులో మనం సీమచింత, సీమసున్నం అన్నట్లే అదీ. “ఈ ఇంట్లో ఆ మాట తప్ప మరొక మాట వినబడితే చూడండి” అని చెప్పి, వరండా వరకు మాత్రం అనుమతి ఇచ్చింది. ఆడదానికి మోతీ అనీ, మగదానికి షేరూ అనీ అమ్మాయి పేర్లు పెట్టింది.

పేరు విషయంలో అమ్మ ఒక్కతే కాదు, ప్రపంచమంతా చిక్కుపడినది. 1758లో స్వీడను దేశపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఈ జంతువుకు శాస్త్రనామం పెడుతూ పందిపిల్ల అనే అర్థం గల పోర్సెల్లస్ అన్న లాటిన్ మాటనే వాడినాడు. జర్మనులు దీనిని సముద్రపు పందిపిల్ల అంటారు. ఇది సముద్రంలో ఈదదు, సముద్రం దాటించి తేబడినది, అంతే. ఫ్రెంచివారు ఇండియా పంది అంటారు. మన దేశంతో దీనికి పుట్టుపూర్వాల సంబంధమేమీ లేదు. అమెరికా ఖండాన్ని ఇండియా అని భ్రమపడిన నాటి నావికుల పొరపాటు ఆ పేరులో ఇంకా నిలిచి ఉన్నది. గినీ అన్న మాట ఎట్లా వచ్చిందన్నది నేటికీ తేలలేదు. ఒక గినీ నాణెం ఇచ్చి కొనేవారు గనుక ఆ పేరు వచ్చిందని కొందరంటారు గాని, ఇంగ్లండులో ఆ నాణెం మొదట ముద్రింపబడినది 1663లో. ఈ జంతువు పేరు అంతకు మునుపే అక్కడి గ్రంథాలకెక్కినది. తమ సొంత సీమలో మాత్రం దీనికి చక్కని పేరున్నది. క్వెచువా భాషలో ఖూవి అంటారు. స్పానిష్ వారి నోట అది కూయ్ అయినది. దాని కూత వినినవారికి ఆ పేరు ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

ఆ సొంత సీమ దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతప్రాంతం, అనగా నేటి పెరూ, బొలీవియా, ఈక్వడార్ దేశాలు. అక్కడివారు వేల సంవత్సరాల క్రిందటనే దీనిని మచ్చిక చేసినారు. మచ్చిక చేసినది ముద్దు కోసం కాదు, ఆహారం కోసం. మన పల్లెల్లో పెరటి కోడి ఎట్లాగో అక్కడి వంటింటి మూల కూయ్ అట్లాగు. పెరూ దేశపు ప్రాచీన మోచే జాతివారి మట్టిపాత్రల మీద దీని రూపం కనిపిస్తుంది. 16వ శతాబ్దంలో ఇది ఓడలెక్కి యూరప్ చేరి, సంపన్నుల పిల్లల ఒడిలో ఆటబొమ్మ అయినది. ఆ తరువాత ప్రయోగశాలకు చేరినది. 1780వ దశకం మొదట్లో లవాజియే, లాప్లాస్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఒక గినీ పందిని మంచు చుట్టిన పాత్రలో ఉంచి, దాని ఒంటివేడికి కరిగిన మంచును తూచి, శ్వాసక్రియ కూడా ఒక విధమైన దహనమేనని నిరూపించినారు. 1882లో రాబర్ట్ కోఖ్ క్షయరోగ కారకాన్ని నిరూపించినది కూడా గినీ పందుల సాయంతోనే. 1907లో నార్వే శాస్త్రజ్ఞులు హోల్స్ట్, ఫ్రోలిక్ లు గింజలు మాత్రమే మేపిన గినీ పందులకు స్కర్వీ వ్యాధి రావడం గమనించినారు. తన ఒంట్లో సి విటమిన్‌ను తయారు చేసుకోలేని జంతువులు తక్కువ. మనిషి ఒకడు, గినీ పంది ఒకటి. అందుకే మా అమ్మాయి నేటికీ ప్రతిదినం గరికతోపాటు ఒక జామముక్కో, కొత్తిమీర రెమ్మో వేయక మానదు.

వీటిలో జాతుల వివరం తెలుసుకొన్నప్పుడు నాకు మళ్ళీ పేర్ల తమాషాయే ఎదురైనది. నునుపైన పొట్టి వెండ్రుకలది ఒక జాతి. ఒంటి నిండా సుడులున్నదాన్ని అబిసీనియన్ అంటారు. అబిసీనియా దేశం దానికి తెలియదు. పొడవైన వెండ్రుకలు ముఖం మీదుగా నేల వరకు జారేదాన్ని పెరూవియన్ అంటారు. ఆ జుట్టు ఆండీస్ కొండలు ఇచ్చినది కాదు, పెంపకందారులు తరతరాలుగా ఏరి కూర్చినది. తెల్లని ఒంటికి ముక్కు, చెవులు, పాదాలు మాత్రం నల్లగా ఉండేది హిమాలయన్; అది హిమాలయాన్ని చూచి ఎరుగదు. ఒంటి మీద వెండ్రుకలే లేని జాతి కూడా ఒకటి 1978లో కెనడాలోని ఒక ప్రయోగశాలలో బయలుదేరినది. పెంపకందారులు ఈ జాతులకు రూపంతోపాటు గుణాలను కూడా పంచిపెట్టినారు. నున్నని జాతి నెమ్మదిగలదట. అబిసీనియన్ అల్లరిదట, ధైర్యశాలియట. పెరూవియన్ పరమసాధువట, ఒడిలో పెట్టుకొంటే కదలదట. మన పంచాంగాల్లో రాశిఫలాలు చదివినట్లే వీటినీ చదివినాము.

మా ఇంట ఫలితం వేరైనది. నెమ్మదిగా ఉండవలసిన మోతీ ఇల్లు ఎగురగొట్టేది. వంటింట్లో కొత్తిమీర కట్ట విప్పిన చప్పుడైతే చాలు, వరండాలో కూతలు మొదలు. తీగవల మీద ముందు కాళ్ళు ఆనించి నిలబడి, తన వాటా వచ్చే వరకు ఊరుకొనేది కాదు. అల్లరి చేయవలసిన షేరూ పేరుకు పులి. కుక్కరు ఈల వేస్తే ఉన్నచోటనే కొయ్యబారి పోయేది. పగలంతా బోర్లించిన కుండపెంకు క్రింద దాగి, ఇల్లు సద్దుమణిగిన తరువాత మెల్లగా బయటికి వచ్చి, అమ్మాయి చేతిని నాకేది. మోతీకి ఆమె చేతిలోని ఆకుతో పని. షేరూకు ఆ చేతితోనే పని.

ఆ మరుసటి చలికాలంలో మోతీ మూడు పిల్లలను పెట్టింది. ఎలుకపిల్లల వలె కన్ను తెరవని గుడ్డి పిల్లలు కావవి. రెండు నెలలకు పైగా తల్లి కడుపులో ఉండి, ఒంటి నిండా వెండ్రుకలతో, తెరచిన కండ్లతో పుట్టి, గంటల్లోనే పరుగెత్తుతాయి. మరునాటికే గడ్డిపోచ కొరుకుతాయి. కనుక వాటి స్వభావాన్ని చూడడానికి మేము ఎన్నాళ్ళో వేచియుండనక్కరలేకపోయినది. మొదటిది పుట్టిన రోజుననే పెట్టె నాలుగు మూలలూ చుట్టి వచ్చింది. రెండవది తల్లి కడుపు క్రింద నుంచి కదలలేదు. మూడవది తన తోబుట్టువు ఏమి తింటే దానిని లాక్కొనేది. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే పెట్టె, ఒకే గడ్డి. “ఒక కడుపున పుట్టినంత మాత్రాన ఒకటే అవుతాయా? మీ నలుగురు అన్నదమ్ములే చాలదా నాకు సాక్ష్యానికి” అన్నది అమ్మ, వరండా గుమ్మంలో నిలబడి. ఆ గుమ్మం దాకా ఆమె రావడం అదే మొదలు.

పుర్రెకో బుద్ధి అని మన పెద్దలు ఒక్క ముక్కలో తేల్చినదానిని శాస్త్రజ్ఞులు లెక్క వేసి చూచినారు. అమెరికా వ్యవసాయశాఖవారు 1906లో కొన్ని గినీ పంది కుటుంబాలను వేరు చేసి, అన్నను చెల్లెలికే జత చేస్తూ తరతరాలు పెంచినారు. అట్లా చేస్తే కొంతకాలానికి ఒక కుటుంబంలోని వన్నీ వంశలక్షణాలలో దాదాపు ఒకే అచ్చు అవుతాయి. సీవాల్ రైట్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు ఆ జంతువుల ఒంటి మీది తెల్లమచ్చలను కొలిచి 1920లో ఫలితాన్ని ప్రకటించినాడు. వంశం ఒకటే అయినా, పెరిగిన చోటు ఒకటే అయినా, ఒకదాని మచ్చ మరొకదాని మచ్చను పోలలేదు. ఆ తేడాలో చాలా భాగం వంశానికీ చెందలేదు, పరిసరానికీ చెందలేదు. పిండం పెరిగేటప్పటి చిన్న చిన్న యాదృచ్ఛిక సంఘటనలకు చెందినది. ఒంటి మీది మచ్చయే వంశం మాట వినకపోతే, లోపలి గుణం వింటుందని ఎట్లా నమ్మడం?

ఇంతలో మా వీధిలోని ఒక కుటుంబం వేరే ఊరికి బదిలీ అయి వెళ్ళుతూ తమ గినీ పందిని మాకు అప్పగించినది. అది పెరూవియన్ జాతి మగది. గోధుమవన్నె పట్టుకుచ్చు వంటి జుట్టు ఇటు అటు పాపిట తీసినట్లు జారుతూ ఉంటే, దాని తల ఎటో తోక వైపెటో తెలిసేది కాదు. అమ్మాయి దానికి నవాబు అని పేరు పెట్టింది. సాధుస్వభావానికి పెట్టింది పేరైన జాతి గదా అని, అది వచ్చిన రోజుననే ఆమె ఎత్తుకొనబోయింది. నవాబు పళ్ళు కటకటలాడించి, చూపుడు వ్రేలు కరిచింది. షేరూ వాసన తగిలితే చాలు, మెడ నిక్కించి యుద్ధానికి సిద్ధమయ్యేది. చూడవచ్చినవారు ఇద్దరు ముగ్గురు “దీని రక్తంలోనే ఏదో లోపమున్నది, వదిలించుకొండి” అని సలహా చెప్పినారు.

నవాబు సంవత్సరం పైగా ఒంటరిగా ఒక చిన్న పెట్టెలో పెరిగిందని ఆ కుటుంబంవారే చెప్పినారు. గినీ పంది ఒంటరి జీవి కాదు, గుంపులో బ్రతికేది. ఈ కారణం చేతనే స్విట్జర్లాండులో 2008 నాటి జంతుసంరక్షణ నిబంధనలు దీనిని ఒంటరిగా పెంచడాన్ని నిషేధించినవి. జర్మనీలోని మున్‌స్టర్ విశ్వవిద్యాలయంలో నోర్బెర్ట్ జాక్సర్ అనే శాస్త్రజ్ఞుడు ఈ జంతువుల సంఘజీవనాన్ని చాలాకాలం పరిశీలించినాడు. గుంపులో, పెద్ద మగవాటి నడుమ యౌవనంలోకి అడుగుపెట్టినవి తరువాత కొత్తవారితో పోట్లాట లేకుండా సర్దుకొంటాయి. ఒంటరిగా పెరిగినవి కొత్త మగదాన్ని చూడగానే కలియబడతాయి, ఆ కలత వాటి రక్తంలోని స్రావాలలో కూడా కనబడుతుంది. అంటే నవాబు రక్తంలో లోపం కాదు, అది గడిపిన బాల్యంలో లోపం. దానిని వదిలించుకోవడం గూర్చి మా అమ్మాయి వద్ద మాట ఎత్తడానికి ఇంట్లో ఎవరూ సాహసించలేదు.

మగపిల్లలను మూడు వారాలకే తల్లి నుంచి వేరు చేయవలె. లేకపోతే ఆ వయసు నుంచే సంతతి కలిగే అవకాశం ఉన్నది. మోతీ కడుపు క్రింద దాగిన ఆ రెండవ పిల్ల మగది. దానిని చోటూ అనేవారము. వయసు మళ్ళిన మగది మరొక పెద్ద మగదాన్ని సహించకపోయినా పిల్లను సహిస్తుందని విని, కొన్నాళ్ళు నడుమ తీగవల ఉంచి, పిమ్మట ఒక ఉదయం ఆ వల తీసినాము. అమ్మాయి తువ్వాలు పట్టుకొని సిద్ధంగా కూర్చున్నది. నవాబు పిల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, గురగుర మని గొంతులో శబ్దం చేసి, తన జుట్టులో దానికి చోటిచ్చింది. ఇల్లంతటిలో పిరికిదైన చోటూ పోయి పోయి అందరూ భయపడే నవాబు చెంతనే ధైర్యం తెచ్చుకొన్నది. నెల తిరిగేసరికి నవాబు కూడా చేతిలోని ఆకును వ్రేలు కరవకుండా అందుకోవడం నేర్చినది.

ఇంతవరకు చదివినవారు, జాతి అన్నది వట్టి మాటయేనా అని అడుగవచ్చును. కాదు. అది నిజంగా దేనిని చెబుతుందో మాకు ఎండాకాలం చెప్పినది. కర్నూలు మే నెల ఎట్లా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. చల్లని కొండప్రాంతపు జీవి ముప్ఫై డిగ్రీలు దాటితేనే అలసిపోతుంది. మన ఊరిలో నలభై దాటుతుంది. పొట్టి వెండ్రుకల మోతీ కుండపెంకు నీడన ఎట్లో తట్టుకొన్నది. నవాబుకు ఆ పట్టుకుచ్చే శత్రువైనది. ఒకనాటి మధ్యాహ్నం నేను జవాబు పత్రాలు దిద్దడానికి వెళ్ళినాను. అమ్మాయి అమ్మమ్మగారి ఇంట్లో ఉన్నది. కరెంటు పోయినది. నవాబు కాళ్ళు చాపి, ఎగరొప్పుతూ పడి ఉండగా మొదట చూచినది మా అమ్మ.

నేను ఇంటికి వచ్చేసరికి ఆమె నేల మీద కూర్చుని ఉన్నది. నవాబు ఆమె ఒడిలో, తడిగుడ్డ మీద ఉన్నది. చల్లటి నీళ్ళు గుమ్మరించకుండా, కుండలోని నీటితో చెవులను, పాదాలను మెల్లగా తడుపుతూ ఉన్నది. చుట్టూ గోధుమవన్నె వెండ్రుకలు కుప్పగా పడి ఉన్నవి. బట్టలు కత్తిరించే కత్తెరతో ఆమెయే ఆ జుట్టు కత్తిరించి వేసినది. “ఇంత ఉన్ని కప్పి, ఈ ఎండలో పెట్టి, మీరంతా చదువుకొన్నవారు” అన్నది. ఆ సాయంత్రానికి నవాబు లేచి దోసముక్క కొరికింది. మరునాటి నుంచి మూడు పెట్టెలూ వరండా దాటి, గడప దాటి, కూలరు ఉన్న నడిమింటిలోకి వచ్చినవి. తీసుకొని రమ్మన్నది అమ్మయే. నమాజు చాప మాత్రం అవతలి గదికి మారినది.

ఆనాడు నాకు ఒక సంగతి స్పష్టమైనది. జాతి అవసరాన్ని చెబుతుంది, గుణాన్ని చెప్పదు. పొడుగు జుట్టుదానికి వేసవిలో కత్తెర కావలె, దువ్వెన కావలె. అది తెలిసికొనకపోతే ప్రాణం పోతుంది. అంతవరకు జాతి నిజం. కాని ఆ జుట్టు క్రింద ఉన్నది సాధువో, కోపిష్ఠియో, పిరికిదో తెలియవలెనంటే పక్కన కూర్చుని చూడడం తప్ప మరొక మార్గం లేదు.

ఇక మన సంగతికి వస్తాను. నేను తెలుగు ఎం.ఏ.లో చేరిననాడు మా బంధువుల్లో కొందరు మనవాడికి ఈ తెలుగెందుకన్నారు. విశ్వవిద్యాలయంలో మిత్రులు నీకు తెలుగు ఎట్లా వచ్చిందన్నారు. ఉమర్ ఆలీషా వంటి కవి పుట్టిన భాషలో ఈ ప్రశ్నకు తావుండకూడదు; అయినా ఉన్నది. చదువు ముగిసిన తరువాత ఒక ఉద్యోగపు ఇంటర్వ్యూకు చంపకమాల గణాల నుంచి అలంకారాల దాకా సిద్ధమై వెళ్ళినాను. “మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?” అని అడిగినారు. చెప్పినాను. నా కాగితాలు ప్రక్కన పెట్టినారు. ఛందస్సులో నుంచి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. నేటికీ సభలలో కొందరు పెద్దలు, “మీరు తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారండీ!” అని మెచ్చుకొంటారు. అది మెప్పే, కాని వారు వింటున్నది నా తెలుగును కాదు, నా పేరును.

మన కళాశాలకు ఏటేటా రెండు విధాల విద్యార్థులు వస్తారు. ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చినవారు కొందరు, తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు కొందరు. వీరిని మొదటి రోజుననే తెలుగు తరగతిలో రెండుగా విడదీసి, మందమైనవారికి ఒక గది, చురుకైనవారికి ఒక గది కేటాయిస్తే బోధన సులువవుతుందన్న అభిప్రాయం అప్పుడప్పుడు వినవస్తుంది. సదుద్దేశంతోనే వినవస్తుంది. కమిటీ పెద్దల యెదుట నా మనవి ఒక్కటే. మాధ్యమం అవసరాన్ని చెబుతుంది, ఆ అవసరాన్ని తప్పక తీర్చుదాము. ఉర్దూ నుంచి వచ్చిన పిల్లవానికి ఒత్తులు, సంధులు కొత్త. ణకార ళకారాలు నోట తిరగవు. వారానికి రెండు గంటలు వారికి అదనంగా చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. కాని ఆ అవసరాన్ని చూచి వాని బుద్ధికి గది కేటాయించకూడదు.

ఇంకొక సంగతి కూడా ఉన్నది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారిలో ఖ, ఘ, ధ, భ లను తేలిపోయేటట్లు పలికేవారే ఎక్కువ. ఉర్దూ పిల్లల నోట అవే మహాప్రాణాలు గంటకొట్టినట్లు వినిపిస్తాయి. ఒకే బల్ల మీద కూర్చున్ననాడు ఒకరి ళకారం ఒకరికి, ఒకరి భకారం ఒకరికి వస్తుంది. వేరు గదుల్లో కూర్చోబెడితే ఇద్దరికీ ఏదీ రాదు. పైగా, యౌవనంలో ఎవరి నడుమ పెరిగితే ఆ నడవడి నిలిచిపోతుందని నవాబు కథ చెబుతూనే ఉన్నది. పదునెనిమిదేండ్ల వయసులో ఒకరికొకరు కొత్తవారుగానే ఉండిపోయిన పిల్లలు రేపు ఊరిలో ఎట్లా కలిసి ఉంటారు?

నా తరగతిలో నేను రెండేండ్లుగా ఒక పద్ధతి పాటిస్తున్నాను. కొత్త విద్యార్థిని ఏ మాధ్యమమని గాని, ఏ ఊరి వాడవని గాని మొదటి మాసంలో అడుగను. తమ ఇంటిలోని ఏదైనా ఒక జీవిని గూర్చి, మేక గాని, కోడి గాని, పావురం గాని, అరపేజీ వ్రాయమంటాను. కిందటేడు ఒక విద్యార్థి తన తాతగారి పావురాలలో ప్రతిసారీ అందరికన్నా ఆలస్యంగా గూటికి చేరే ఒకదానిని గూర్చి వ్రాసినాడు. ఆలస్యమైన కొద్దీ తాతగారు మిద్దె దిగకుండా దానికోసం ఎట్లా ఎదురుచూచేవారో వ్రాసినాడు. ఆ అరపేజీలో పదునొకండు అక్షరదోషాలున్నవి. అన్నీ ఎర్ర సిరాతో దిద్దినాను. దిద్ది, తరగతిలో అందరికన్నా ముందు దానినే చదివి వినిపించినాను. ఆ విద్యార్థి ఉర్దూ మాధ్యమం వాడని తరువాత ఎప్పుడో తెలిసినది. అప్పటికి అతడు తన ప్రక్క విద్యార్థికి సంధి సూత్రాలు అప్పజెబుతున్నాడు.